మొండికేసే పిల్లాడితో కూర్చుని మాట్లాడటం ఎలా

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఎనిమిదేళ్ల బాబు, మూడో తరగతి, హైదరాబాద్ నిజాంపేటలో అపార్ట్‌మెంటు. పొద్దున స్కూల్ బస్సు టైముకి సాక్సులు విసిరికొడతాడు. సాయంత్రం హోంవర్కు అంటే పేచీ. రాత్రి అన్నానికి పిలిచి ఫోన్ తీసుకుంటే అరుపులు, చేతికందింది విసరడం, అడ్డొచ్చిన నాలుగేళ్ల చెల్లిని కొట్టడం. స్టార్ల చార్టు అంటిస్తే వారం పనిచేసింది. సైకిల్‌కి తాళం వేస్తే ఇంకా మొండికేశాడు. మీవారు రాత్రి తొమ్మిదికి వచ్చి గట్టిగా అరుస్తారు. మీ అత్తగారేమో "నాలుగు తగిలిస్తే వాడే దారికొస్తాడు, నువ్వే గారాబం చేసి చెడగొట్టావు" అంటున్నారు. చివర్లో మీరు అడిగింది ఒక్కటే, వాడు మాట వినేలా చేయడం ఎలా అని.

నేను పద్దెనిమిదేళ్లుగా తార్నాక దగ్గర పిల్లల కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. ఇద్దరు పిల్లల్ని పెంచాను కూడా. ముందు మీకు ఒక్క మాట చెప్పాలి. వాడిని మీరు చెడగొట్టలేదు. అదే ఇంట్లో, అదే గారాబంతో పెరుగుతున్న మీ పాప అలా చేయదని మీరే రాశారు. గారాబమే కారణమైతే ఇద్దరూ ఒకేలా ఉండాలి కదా. ఈ నింద మోసుకుంటూ మీరు వాడితో మాట్లాడలేరు, కాబట్టి దాన్ని ఈ రోజే దించేయండి.

"ఎప్పుడూ ఇంతే" అని రాశారు. కానీ మీరు రాసిందాంట్లోనే చూడండి, సెల్లార్‌లో ఆడుకునేటప్పుడు గొడవ లేదు. నానమ్మ దగ్గర పడుకునేటప్పుడు గొడవ లేదు. ఆదివారం పొద్దున గొడవ లేదు. గొడవ ఎక్కువగా వస్తున్నది మూడు చోట్ల: బస్సుకి తయారయ్యేటప్పుడు, హోంవర్కు దగ్గర, ఫోన్ పక్కన పెట్టేటప్పుడు. ఒక వారం పాటు చిన్న నోట్‌బుక్ పెట్టుకుని రాయండి. వాడు ఎంత గట్టిగా అరిచాడో రాయక్కర్లేదు. టైము ఎంత, అంతకు ముందు నిమిషంలో వాడిని మనం ఏం చేయమన్నాం, అంతే రాయండి. నా దగ్గరికి వచ్చే ఇళ్లలో చాలావాటిలో వారం తిరిగేసరికి అవే నాలుగైదు సందర్భాలు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. "వీడికి కోపం ఎక్కువ" అనుకున్నంతసేపూ మనకి చేయడానికి ఏమీ దొరకదు. "హోంవర్కులో తెలుగు నోట్సు దగ్గర ఆగిపోతున్నాడు" అని తెలిస్తే దొరుకుతుంది.

తెలుగు నోట్సు అని ఊరికే అనలేదు. పుణె నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం ఒకటి నా దగ్గరికి వచ్చింది. బాబు లెక్కలు చేస్తాడు, ఇంగ్లీషు రాస్తాడు, తెలుగు పుస్తకం తీస్తే మాత్రం చింపేస్తాడు. కొత్త భాష, ఇష్టం లేదు అనుకున్నారు అందరూ. అడగగా అడగగా వాడు చెప్పింది: బోర్డు మీద పెద్ద అక్షరం కనిపిస్తుంది, కింద ఉన్న వత్తు కనిపించదు. తప్పు రాస్తున్నాడు, ఎర్ర ఇంకుతో కొట్టేస్తున్నారు, ఇంట్లో అదంతా మళ్ళీ రాయాలి. కళ్లద్దాలు వచ్చాయి, ముందు బెంచీ వచ్చింది. పేచీ చాలావరకు పోయింది. అంతకుముందు ఆ తెలుగు నోట్సు కోసం వాడు తిన్న దెబ్బలు తలుచుకుని వాళ్లమ్మ నా ముందు ఏడ్చింది.

ఇక అసలు పద్ధతి. రాస్ గ్రీన్ అని అమెరికాలో ఒక పిల్లల మనస్తత్వ నిపుణుడు ఉన్నారు. పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి సమస్యను తీర్చుకునే ఈ పద్ధతికి రూపం ఇచ్చినవాళ్లలో ముఖ్యులు. ఆయన మొదలుపెట్టేది ఒక నమ్మకంతో: చేయగలిగిన పిల్లలు బాగానే చేస్తారు. చేయడం లేదంటే, ఆ సమయంలో కావాల్సిన నేర్పు ఏదో వాడికి ఇంకా రాలేదు. ఒక పనిలో మునిగి ఉండి ఇంకో పనికి మారడం ఒక నేర్పు. అనుకున్నది తప్పిపోతే తట్టుకోవడం, కడుపులో ఉన్న చిరాకుని మాటల్లో పెట్టడం, కాసేపు ఆగడం, ఇవన్నీ కూడా నేర్పులే. కొందరికి ఐదేళ్లకే వస్తాయి, కొందరికి పదేళ్లకి కూడా రావు. వత్తులు రాని పిల్లాడిని కొడితే వత్తులు రావు. ఇదీ అంతే.

మీ స్టార్ల చార్టు ఎందుకు వారమే పనిచేసిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. బహుమతి వల్ల చేయాలన్న కోరిక పెరుగుతుంది. మీ వాడికి ఆ కోరిక ముందే ఉంది, రాత్రి పడుకునే ముందు "రేపు గుడ్‌గా ఉంటా మమ్మీ" అంటాడని మీరే రాశారు. లేనిది కోరిక అయితే స్టార్లు సరిపోయేవి.

పిల్లలు చేయలేకపోతున్న పని ఏదైనా సరే, పెద్దవాళ్ల ముందు మూడు దారులు ఉంటాయి. మనం చెప్పిందే జరగాలని పట్టుబట్టడం ఒకటి. ప్రస్తుతానికి ఆ విషయాన్ని పక్కన పెట్టేయడం ఇంకొకటి. ఇద్దరూ కూర్చుని తేల్చుకోవడం మూడోది. గ్రీన్ వీటికి ప్లాన్ ఎ, సి, బి అని పేర్లు పెట్టారు. మనం ఇళ్లలో రోజంతా మొదటి దారిలోనే నడుస్తాం, ఓపిక అయిపోయిన రోజు వదిలేస్తాం. మూడోది దాదాపు ఎవరూ ప్రయత్నించరు. ఎందుకంటే మన ఇళ్లలో పిల్లల్ని సలహా అడగడం అలవాటు లేదు.

పక్కన పెట్టడం గురించి కొంచెం గట్టిగా చెబుతాను, మీకు ఇప్పుడు అదే ముందు కావాలి. మీరు రాసిన గొడవల్లో పక్క బట్టలు మడవడం, కాకరకాయ కూర తినడం, చుట్టాల ముందు పద్యం చెప్పడం కూడా ఉన్నాయి. ఈ మూడూ రెండు నెలలు వదిలేయండి. ముందే నిర్ణయించుకుని వదిలేయండి, వాడు అరిచాక కాదు. వాడు అరిచినందుకు వదిలేస్తే అరుపు పనిచేస్తుందని వాడికి తెలుస్తుంది. అసలు అడగడమే మానేస్తే అరవడానికే అవకాశం ఉండదు. రోజుకి పది గొడవలు నాలుగుకి దిగితే తల్లీకొడుకులిద్దరికీ ఊపిరాడుతుంది, మిగతావాటి గురించి మాట్లాడుకునే ఓపిక మిగులుతుంది.

మిగిలిన వాటిలో ఒక్కటి తీసుకోండి. మీకైతే రాత్రి ఫోన్ సంగతి తీసుకోమంటాను. ఎందుకో తర్వాత చెబుతాను.

గొడవ జరుగుతున్నప్పుడు ఆ మాట ఎత్తకండి. జరిగిన గంటకి కూడా వద్దు. ఆదివారం పది గంటలప్పుడు, కడుపు నిండి ఉన్నప్పుడు, చెల్లి నానమ్మ దగ్గర ఉన్నప్పుడు చూసుకోండి. ఎదురెదురుగా కూర్చోబెడితే కోర్టులా ఉంటుంది పిల్లలకి. టెర్రస్ మీద బట్టలు ఆరేస్తూనో, బఠాణీలు ఒలుస్తూనో, రైతు బజార్‌కి నడిచి వెళుతూనో అడగండి. చేతికి పని ఉంటే నోరు తేలిగ్గా కదులుతుంది.

మొదటి వాక్యం చాలా ముఖ్యం. "రాత్రి ఎందుకలా అరుస్తావు?" అంటే వాడు మూసుకుపోతాడు. అందులో వాడి తప్పు ఉంది. "ఫోన్‌కి బానిసవైపోయావు" అన్నా అంతే, అందులో మన తీర్పు ఉంది. జరుగుతున్న విషయం మాత్రం చెప్పి ఆగిపోవాలి. ఉప్పల్ వైపు ఒక తల్లి తొమ్మిదేళ్ల కొడుకుతో ఇలా మాట్లాడింది, ఆమె ఒప్పుకుంది కాబట్టి రాస్తున్నాను.

"రాత్రి అన్నానికి పిలిచినప్పుడు ఫోన్ పక్కన పెట్టడం నీకు కష్టంగా ఉంటోందని గమనించాను. ఏంటి నాన్నా సంగతి?"

"ఏమో."

ఆమె ఏమీ అనలేదు. చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ ఉంది. కాసేపయ్యాక, "తొందరేం లేదులే, ఆలోచించుకో" అంది.

"నువ్వు మధ్యలో లాక్కుంటావు."

"మధ్యలో అంటే?"

"ఫోన్ గేమ్‌లో, మ్యాచ్ మధ్యలో."

"ఓహో, మ్యాచ్ మధ్యలోనా. మధ్యలో వదిలేస్తే ఏమవుతుంది?"

"మా టీమ్ ఓడిపోతుంది. రేపు కింద నన్ను ఆడనివ్వరు."

"కింద అంటే, సెల్లార్‌లో క్రికెట్లోనా?"

"ఆ. వీడు మధ్యలో పారిపోతాడు, వీడొద్దు అంటారు."

ఆరు నెలలుగా ఆ ఇంట్లో రోజూ యుద్ధం. ఆమె ఐదు నిమిషాల ముందే చెప్పేది, అలారం కూడా పెట్టింది. కానీ వాడి లోకంలో ఐదు నిమిషాలు అనే లెక్కే లేదు, మ్యాచ్ అనే లెక్క ఉంది. ఫోన్ లాక్కున్న ప్రతి రాత్రీ, మర్నాడు క్రికెట్ పోతుందన్న భయం వాడిది. ఇది మీ వాడి కారణం కూడా అని నేను అనడం లేదు. వాడిది వేరే ఏదైనా కావచ్చు. మనం ఊహించి పెట్టుకున్న కారణం మాత్రం చాలాసార్లు తప్పవుతుంది. అందుకే అడగాలి.

ఆమె ఎన్ని మాటలు మాట్లాడిందో చూడండి. చాలా తక్కువ. వాడు అన్నదే తిరిగి అనడం, "అంటే?" అనడం, ఆగడం. "మరి నువ్వు ముందే చెప్పొచ్చుగా" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చిందట, మింగేసిందట. ఆ మాట అని ఉంటే సంభాషణ అక్కడే ముగిసేది.

"ఏమో", "తెలీదు" దగ్గరే చాలామంది తల్లులు ఆగిపోతారు, కాబట్టి అక్కడ కొంచెం నిలబడదాం. "ఏమో" అంటే చెప్పను అని అర్థం చేసుకోకండి. వాడిని ఇంతవరకూ ఎవరూ అడగలేదు, వాడూ తనని తాను అడుగుకోలేదు. నిజంగానే తెలియకపోవచ్చు. చెబితే తిడతారన్న అనుమానం ఉండవచ్చు. ముందు ఆగండి. మనకి అర నిమిషం నిశ్శబ్దం చాలా పెద్దదిగా అనిపిస్తుంది, పిల్లలకి అంత సమయం అవసరం. అప్పటికీ రాకపోతే తేడా అడగండి: "నిన్న పేచీ పెట్టలేదు, మొన్న పెట్టావు. నిన్న ఏం వేరుగా ఉంది?" అదీ పనిచేయకపోతే మీరే నాలుగు ఊహలు చెప్పి, వేళ్లతో జవాబు చెప్పమనండి. ఐదు వేళ్లు చూపిస్తే పూర్తిగా నిజం, ఒక్క వేలైతే అస్సలు కాదు. మాటలు రాని పిల్లలు కూడా వేళ్లు చూపిస్తారు. "నిన్ను తిట్టడానికి అడగట్లేదు, నాకు అర్థం కావట్లేదు" అని చెప్పండి, నిజంగా అలాగే ఉండండి. ఆ రోజు ఏమీ రాకపోతే వదిలేసి రెండు రోజులాగి మళ్ళీ అడగండి.

మా అమ్మాయి విషయంలో నాకు ఆరు రోజులు పట్టింది. దానికప్పుడు ఏడేళ్లు. పొద్దున జడ వేసేటప్పుడు రోజూ ఏడుపు, తల విదిలించడం, దువ్వెన విసరడం. ఇంట్లో బస్సు టైము అవుతోందన్న టెన్షన్, నేను రెండుసార్లు ఆ దువ్వెనతోనే కొట్టాను. పిల్లలతో పనిచేయడం అప్పటికే మొదలుపెట్టాను, అయినా కొట్టాను. ఆరో రోజు స్నానం చేయిస్తుంటే తనంతట తనే చెప్పింది. బస్సులో వెనక సీటులో కూర్చునే పెద్ద పిల్ల రోజూ ఆ రెండు జడలూ పట్టుకుని లాగుతోందట. జడ వేయడం అయిపోతే బస్సు వస్తుంది, బస్సు వస్తే ఆ పిల్ల ఉంటుంది. ఆ దువ్వెన దెబ్బ నాకు ఇప్పటికీ గుర్తుంది, దానికీ గుర్తుంది.

వాడి కారణం మొత్తం వచ్చిందనుకున్నాక, "ఇంకేమైనా ఉందా?" అని ఒక్కసారి అడిగి, అప్పుడు మీ ఇబ్బంది చెప్పాలి. ఇక్కడ పెద్దవాళ్లు జారిపోతారు. ఇబ్బంది చెప్పబోయి పరిష్కారం చెప్పేస్తారు. "ఎనిమిదింటికి ఫోన్ బంద్" అన్నది పరిష్కారం, అదీ మనం ఒక్కళ్లమే తేల్చేసింది. ఇబ్బంది ఇలా ఉంటుంది: "నా బాధేంటంటే, గొడవయ్యాక నువ్వు తొమ్మిదిన్నరకి తింటున్నావు, పడుకునేసరికి పదిన్నర. పొద్దున ఆరింటికి లేపితే నీకు కళ్లు తెరుచుకోవట్లేదు." ఫోన్ సంగతే ముందు తీసుకోమన్నది ఇందుకే. ఈ వయసు పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర అవసరం. మీ వాడికి ఏడున్నర గంటలు దొరుకుతోంది. పొద్దున సాక్సుల గొడవలో కొంత భాగం రాత్రి మొదలైనదే అయ్యుండొచ్చు.

మీ వాడి కారణం కూడా మ్యాచే అనుకుందాం, తర్వాత ఇలా అడగండి: "మ్యాచ్ మధ్యలో ఆగకుండానూ ఉండాలి, నువ్వు టైముకి పడుకోనూ పడుకోవాలి. రెండూ జరిగేలా ఏం చేద్దామంటావు?" ముందు వాడినే చెప్పనివ్వండి. "అన్నం తినను" అంటాడు, "నాకు వేరే ఫోన్ కొనివ్వు" అంటాడు. కొట్టిపారేయకండి. "అలా చేస్తే నీ సంగతి తీరుతుంది, నాది తీరదు కదా. ఇంకోటి చూద్దాం" అనండి. ఉప్పల్ బాబు, వాళ్లమ్మ కలిసి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి మూడు మ్యాచ్‌లు కొలిచారు. ఒక్కోటి దాదాపు ఇరవై నిమిషాలు. ఏడూ యాభై దాటాక కొత్త మ్యాచ్ మొదలుపెట్టకూడదు, ఆమె ఎనిమిదింబావు దాకా పిలవకూడదు, ఇదీ ఒప్పందం. రెండు రోజులు నడిచింది. మూడో రోజు మ్యాచ్ సాగిపోయింది, మళ్ళీ గొడవ. ఆమె నాకు ఫోన్ చేసి "అయిపోయింది మేడమ్, ఇది మావాడికి పనిచేయదు" అంది. మళ్ళీ కూర్చోమన్నాను. రెండోసారి వాడే చెప్పాడు, ఏడున్నరకి ఆపేస్తానని, ఆ సంగతి స్నేహితులకి ముందే మెసేజ్ పెట్టేస్తానని, అమ్మే టైప్ చేయాలని. అది నిలిచింది. మొదటి ఒప్పందం తప్పిపోవడం మామూలే. అందులో ఏం కుదరలేదో ఇద్దరికీ తెలిసింది, అది లాభం.

అసలు గొడవ నడుస్తున్నప్పుడు ఏం చేయాలంటారా? తక్కువ చేయండి. చెల్లిని ఇంకో గదిలోకి పంపండి, విసిరే వస్తువులు తీసేయండి, గొంతు తగ్గించండి. చెల్లి మీద చెయ్యి లేస్తే ఆ చెయ్యి పట్టుకుని ఆపండి. దెబ్బల దగ్గర చర్చ లేదు. "కొట్టనివ్వను" అని రెండు ముక్కలు, అంతే. ఆ సమయంలో నీతులు, ప్రశ్నలు, "సారీ చెప్పు" అన్న పట్టుదల ఏవీ వాడి తలకెక్కవు. చెల్లికి ఏం చేసి సరిచేయాలో మర్నాడు మాట్లాడండి.

మీ అత్తగారి గురించి. ఆవిడతో వాదించకండి. వాళ్ల కాలంలో అందరూ దెబ్బలతోనే పెరిగారు, ఆవిడకి మనవడి మీద ప్రేమ తక్కువేం లేదు, తెల్లారగట్ల లేచి వాడి టిఫిన్ డబ్బా కట్టేది ఆవిడేనని రాశారు. వాడు నానమ్మ దగ్గర గొడవ చేయడన్నారు కదా, ఆ గంటలో ఆవిడ ఏం చేస్తారో గమనించండి. ఏదీ అడగకుండా పక్కన పడుకోబెట్టుకుంటారేమో, కథ చెబుతారేమో. "అత్తయ్యా, మీ దగ్గర వాడు ఎంత నెమ్మదిగా ఉంటాడో, మీరేం చేస్తారు?" అని అడగండి. నిజంగా తెలుసుకోవడానికే అడగండి, పనికొచ్చేది దొరకవచ్చు. ఆ తర్వాత ఒక నెల పాటు ఎవరూ చెయ్యి చేసుకోవద్దని కోరండి. బడిలో పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం నేరుగా నిషేధిస్తూ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ఉంది. బడిలో తగదన్నది ఇంట్లో ఎలా తగుతుందని మీవారికి చెప్పి చూడండి.

మీవారికి ఒక్క పని చాలు. "డాడీని రానీ, చెప్తా నీ పని" అన్న మాట ఇంట్లో ఎవరూ అనకూడదు. రోజంతా ఆఫీసులో ఉండి తలుపు తీసేసరికి పోలీసు వేషం వేయాల్సి వస్తే ఆయనకి మాత్రం ఏం బాగుంటుంది? తొమ్మిదికి వచ్చాక ఆ రోజు గొడవ ఆయనకి పిల్లాడి ముందు చెప్పకండి. ఫోన్ సంగతి కుదిరాక హోంవర్కు గురించి ఒక ఆదివారం ఆయన్నే అడగమనండి. పిల్లలు ఒక్కోసారి అమ్మకి చెప్పనిది నాన్నకి చెబుతారు.

ఇదంతా చేస్తూనే కళ్లు, చెవులు ఒకసారి చూపించండి. చదవడంలో, రాయడంలో తోటివాళ్లకంటే బాగా వెనకబడితే, ఒక్కచోట రెండు నిమిషాలు కూర్చోలేకపోతే, ఇంట్లోనే కాక బడిలో కూడా రోజూ గొడవలు ఉంటే, పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. మన ఊళ్లో ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. ఎదుగుదలకి సంబంధించిన అనుమానాలుంటే బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. ఎర్రగడ్డ పేరు వినగానే ఇంట్లోవాళ్లు ఉలిక్కిపడతారు, పడనివ్వండి, ఆ భయం వల్ల పిల్లలకి సంవత్సరాలు పోతున్నాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, ఏ వేళలోనైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. వాడు ఎప్పుడైనా "నేను చచ్చిపోతా" లాంటి మాట అంటే, ఎనిమిదేళ్లవాడికి ఏం తెలుసులే అనుకోకుండా ఆ రోజే ఫోన్ చేయండి.

మీకు కూడా నిద్ర లేదని రాశారు. ఈ మాటలు మొదలుపెట్టే ఆదివారానికి ముందు రాత్రి మీరు త్వరగా పడుకోండి, పొద్దున టిఫిన్ బయటి నుంచి తెప్పించుకోండి. అలిసిపోయిన తల్లికి అర నిమిషం మాట్లాడకుండా ఉండటం చాలా కష్టం.

ఒక్క విషయం, రాత్రి ఫోన్. వచ్చే ఆదివారం వాడిని అడగండి. వాడు ఏమన్నాడో మీ మాటల్లోకి మార్చకుండా, వాడి మాటల్లోనే రాసి పంపండి. "ఏమో" అని మాత్రమే అన్నా సరే, ఎన్నిసార్లు అన్నాడో రాయండి.